పనిమనిషి వేషం వేసి, సొంతింటి హక్కు గెలిచిన హ్యాటీ మెక్‌డేనియల్

2023 అక్టోబర్ 1న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో ఒక కార్యక్రమం జరిగింది. ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీ వారు వచ్చి, దాదాపు 71 ఏళ్ల కిందట చనిపోయిన ఒక నటి పేరిట ఒక ఫలకాన్ని యూనివర్సిటీకి అప్పగించారు. అది కొత్త అవార్డు కాదు. 1940లో ఆమె గెలుచుకున్న ఆస్కార్‌కు బదులుగా ఇచ్చింది. అసలు అవార్డును ఆమె తన వీలునామాలో ఈ యూనివర్సిటీకే రాసిచ్చింది. అది 1970ల నాటికే కనిపించకుండా పోయింది. ఏమైందో నేటికీ తేలలేదు.

ఆ నటి పేరు హ్యాటీ మెక్‌డేనియల్. ఆస్కార్ అందుకున్న మొట్టమొదటి నల్లజాతి వ్యక్తి ఆమె. సినిమాలు ఎక్కువగా చూడని ఇళ్లలో కూడా ఈ పేరు తెలియడం మంచిదే. ఎందుకంటే ఆమె కథ సినిమాతో ఆగిపోదు. లోకం మనకు ఒక్క తలుపే తెరిచి, అదీ వెనక తలుపే తెరిచినప్పుడు లోపలికి వెళ్లాలా, వద్దా? వెళితే మన ఇజ్జత్ ఏమవుతుంది? వెళ్లకపోతే రోజీ రోటీ ఏమవుతుంది? ఆమె జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

బానిసత్వం చూసిన ఇంట్లో పుట్టుక

హ్యాటీ 1893లో కాన్సస్ రాష్ట్రంలోని విచిటా పట్టణంలో పుట్టింది. పదమూడు మంది పిల్లల్లో అందరికంటే చిన్నది. అమ్మా నాన్నా ఇద్దరూ బానిసలుగా పుట్టినవారే. అమ్మ సుసాన్ చర్చిలో భక్తి గీతాలు పాడేది. నాన్న హెన్రీ, బానిసత్వం అంతం కావడానికి కారణమైన అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం తరఫున పోరాడాడు. యుద్ధంలో ఆరోగ్యం దెబ్బతింది. దానికి రావలసిన పింఛను కోసం ఆయన ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంటూ తిరగాల్సి వచ్చింది. దేశం కోసం పోరాడినవాడి ఇంట్లోనే పేదరికం.

తర్వాత కుటుంబం కొలరాడో రాష్ట్రానికి మారింది. హ్యాటీ పెరిగింది, చదివింది డెన్వర్‌లో. అన్నలు, అక్కలు పాటలు, నాటకాల్లో ఉండటంతో ఆమె కూడా చిన్నతనంలోనే వేదిక ఎక్కింది. అక్క ఎట్టాతో కలిసి ఆడవాళ్లే నడిపే ఒక ప్రదర్శన బృందాన్ని కూడా నడిపింది. 1920లలో జార్జ్ మారిసన్ సంగీత బృందంతో ఊరూరా తిరిగింది. డెన్వర్ రేడియోలో పాడింది. సొంతంగా పాటలు రాసి రికార్డులు కూడా ఇచ్చింది. అంటే సినిమాల్లోకి రాకముందే ఆమె గాయని, పాటల రచయిత్రి, హాస్యనటి.

1929లో అమెరికా షేర్ మార్కెట్ కూలిపోయింది. వినోద రంగంలో పనులు పోయాయి. అప్పుడు హ్యాటీకి మిల్వాకీ నగర శివార్లలోని ఒక క్లబ్‌లో దొరికిన పని ఏమిటో తెలుసా? వాష్‌రూమ్ దగ్గర నిలబడి, వచ్చేవారికి తువ్వాళ్లు అందించడం. ఆమె పాడగలదని తెలిసినా మొదట్లో వేదిక ఎక్కనివ్వలేదు. చివరికి ఒక రాత్రి అవకాశం దొరికింది. పాట విన్నాక అక్కడ ఆమె నిత్య గాయని అయిపోయింది.

హాలీవుడ్‌లో రెండు రకాల పనిమనిషి పని

1931లో హ్యాటీ లాస్ ఏంజెలిస్ చేరుకుంది. అప్పటికే అన్న శామ్, అక్కలు అక్కడ ఉన్నారు. శామ్ పని చేసే రేడియో కార్యక్రమంలో ఆమెకూ చోటు దొరికింది. పేరైతే వచ్చింది గానీ జీతం చాలలేదు. కాబట్టి బతుకుదెరువు కోసం ఇళ్లలో వంటపని, బట్టలుతికే పని చేసింది. 1932 నుంచి సినిమాల్లో చిన్న చిన్న వేషాలు మొదలయ్యాయి. అక్కడ కూడా దొరికింది పనిమనిషి వేషమే.

మన దగ్గర ఇలాంటి నటులను క్యారెక్టర్ ఆర్టిస్టులు అంటాం. హీరో, హీరోయిన్ కాకుండా కథకు బలం ఇచ్చే అత్త, మామ, పెద్దమ్మ, పనిమనిషి లాంటి పాత్రలు వేసేవారు. తెల్లజాతి నటులైతే ఈ వరసలోనే ఒక సినిమాలో డాక్టరు, ఇంకో సినిమాలో పక్కింటావిడ, మరో దాంట్లో ధనవంతురాలు కావచ్చు. నల్లజాతి నటికి మాత్రం ఆ రోజుల్లో ఒక్కటే చీటీ అంటించేవారు. లావుగా ఉండి, తలకు గుడ్డ కట్టుకుని, యజమాని పిల్లలను తన పిల్లల కంటే ఎక్కువగా చూసుకుంటూ, తనకంటూ ఏ కోరికా లేని దాదిగా చూపించేవారు. ఈ అచ్చు పాత్రకు అక్కడ 'మామీ' అని పేరు.

ఈ పాత్రలో తప్పేముందని అనిపించవచ్చు. ప్రేమగల మనిషే కదా? తప్పు ఆ ప్రేమలో లేదు. బానిసత్వంలో జనం సంతోషంగానే ఉండేవారన్న అబద్ధాన్ని ఈ పాత్ర మెల్లగా ప్రేక్షకుల మనసులో నాటుతుంది. ఒక సమాజాన్ని ఎప్పుడూ ఒకే వేషంలో చూపిస్తే, బయటివాళ్లు ఆ సమాజమంతా అంతేనని నమ్మేస్తారు. తెర మీద తమ పేరుగలవారు ఎప్పుడూ ఒకే రకం పాత్రల్లో కనిపించడం చూసినవారెవరికైనా ఈ బాధ వివరించి చెప్పనవసరం లేదు.

అయినా హ్యాటీ ఆ ఇరుకులోనే తన పనితనం చూపించింది. 1935లో వచ్చిన 'ఆలిస్ ఆడమ్స్' సినిమానే తీసుకోండి. స్తోమత లేకపోయినా గొప్పలకు పోయే ఒక కుటుంబం, విందు కోసం ఒక్క రోజుకు పనిమనిషిని కిరాయికి పిలుస్తుంది. ఆ పాత్ర హ్యాటీది. ఆమె వినయం నటించదు. విసుగ్గా, నింపాదిగా వడ్డిస్తుంది. ఆమె కదలికల్లోనే ఆ ఇంటివారి డాంబికం మొత్తం బయటపడుతుంది. పైకి పనిమనిషే గానీ, అసలు నవ్వు యజమానుల మీద పుడుతుంది. అదే సంవత్సరం క్లార్క్ గేబుల్‌తో 'చైనా సీస్', మరుసటి ఏడాది పాల్ రోబ్సన్‌తో 'షో బోట్' చేసింది.

గాన్ విత్ ద విండ్

1939లో వచ్చిన 'గాన్ విత్ ద విండ్' సినిమా అమెరికా దక్షిణాది జమీందారుల కథ. నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్. ఇందులో నాయిక స్కార్లెట్‌ను పెంచిన దాది పాత్ర హ్యాటీది. స్కార్లెట్ ఎంత మొండిదైనా, ఆమె ముఖం మీద నిజం చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఈ ఒక్క మనిషికే ఉంటుంది. కథ చివర్లో ఒక బిడ్డ చనిపోయాక, మెట్లు ఎక్కుతూ ఆ ఇంటి పరిస్థితిని ఏడుస్తూ చెప్పే దృశ్యం ఉంది. ఆ కొద్ది నిమిషాలు చూస్తే ఆమె ఎంత గొప్ప నటో అర్థమవుతుంది.

ఈ సినిమా మొదలవుతున్నప్పుడే నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ అభ్యంతరం తెలిపింది. నవలలో నల్లవారిని అవమానించే ఒక తిట్టు పదేపదే వస్తుంది. నిరసనల తర్వాత ఆ మాటను సినిమా సంభాషణల నుంచి తీసేశారు. కానీ బానిసత్వాన్ని అందంగా చూపించే కథ మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ చర్చ ఇప్పటికీ నడుస్తోంది. 2020లో ఒక అమెరికన్ స్ట్రీమింగ్ సంస్థ ఈ సినిమాను కొన్నాళ్లు ఆపి, చారిత్రక వివరణ జోడించి మళ్లీ పెట్టింది.

1939 డిసెంబర్ 15న జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో సినిమా తొలి ప్రదర్శన జరిగింది. ఊరంతా పండగ. కానీ హ్యాటీ రాలేదు. జాతి విభజన చట్టాల వల్ల ఆమె, మిగతా నల్లజాతి నటులు తెల్లవారితో కలిసి ఆ థియేటర్‌లో కూర్చోవడం కుదరదు. ఆమె రాకపోతే నేనూ రానని హీరో క్లార్క్ గేబుల్ పట్టుబట్టాడని, హ్యాటీయే నచ్చజెప్పి పంపిందని చెబుతారు.

రెండు నెలలు గడిచాయి. 1940 ఫిబ్రవరి 29. లాస్ ఏంజెలిస్‌లోని అంబాసిడర్ హోటల్‌లో ఆస్కార్ వేడుక. ఆ హోటల్‌లోకి నల్లవారిని రానివ్వరు. నిర్మాత ప్రత్యేకంగా అడిగితే గానీ ఆమెకు లోపలికి అనుమతి దొరకలేదు. వచ్చాక కూడా తోటి నటుల బల్ల దగ్గర కాదు, గోడవారగా వేసిన చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఉత్తమ సహాయ నటిగా ఆమె పేరు పిలిచారు. అదే సినిమాలో నటించిన ఒలీవియా డి హావిలాండ్ కూడా ఆ అవార్డుకు పోటీలో ఉంది. హ్యాటీ వేదిక ఎక్కి, తన జాతికీ సినిమా రంగానికీ ఎప్పుడూ గర్వకారణంగా ఉండాలని కోరుకుంటున్నానని చెప్పింది. మాట పూర్తయ్యేసరికి గొంతు పూడుకుపోయింది.

ఒక్కసారి ఆలోచించండి. దేశంలోనే పెద్ద సినిమా గౌరవం ఆమె చేతిలో ఉంది. కూర్చునే చోటు మాత్రం గోడ పక్కన.

సొంతవాళ్ల నుంచి వచ్చిన విమర్శ

అవార్డు వచ్చాక పాత్రలు మారాయా? లేదు. మళ్లీ అదే తలగుడ్డ, అదే వంటగది. జీవితంలో కనీసం 74 సార్లు ఆమె పనిమనిషి వేషం వేసిందని లెక్క చెబుతారు.

ఇక్కడ ఆమెకు ఇంకో దెబ్బ తగిలింది. ఈసారి తనవాళ్ల నుంచే. ఎన్‌ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్ 1940లలో హాలీవుడ్‌కు వెళ్లి, నల్లవారికి డాక్టర్లు, టీచర్లు, మామూలు పౌరుల పాత్రలు ఇవ్వాలని స్టూడియోలను గట్టిగా అడిగాడు. పనిమనిషి వేషాలు వేసే నటులు జాతి పరువు తీస్తున్నారన్న మాట పత్రికల్లో, సభల్లో వినపడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నల్లజాతి సైనికుల కోసం కళాకారుల బృందాలను కూడగట్టే బాధ్యత మోసిన హ్యాటీకి ఈ మాట చాలా నొప్పి కలిగించింది.

దానికి ఆమె ఇచ్చిన జవాబుగా ఒక మాట చెప్పుకుంటారు: పనిమనిషిగా నటిస్తే వారానికి 700 డాలర్లు వస్తాయి, నిజంగా పనిమనిషినైతే 7 డాలర్లే వస్తాయి, ఇక నేనెందుకు ఫిర్యాదు చేయాలి? వినడానికి హాస్యంగా ఉంటుంది. కానీ ఇది ఇళ్లలో బట్టలుతికి, వాష్‌రూమ్ దగ్గర తువ్వాళ్లు అందించి వచ్చిన మనిషి చెప్పిన మాట. ఆ 7 డాలర్ల బతుకు ఆమెకు కథ కాదు, అనుభవం.

న్యాయంగా చూస్తే ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. వాల్టర్ వైట్ అడిగినట్టు అడగకపోతే రేపటి తరానికి తలుపులు తెరుచుకోవు. అయితే వైట్‌కు నటన వృత్తి కాదు, ఆ వేషం వదిలేస్తే పోయేది హ్యాటీ పొయ్యి మీది కుండ. స్టూడియోల దగ్గర అధికారం ఉంది, కథలు రాయించేది వాళ్లే. ఆ తప్పు భారమంతా చివరికి జీతానికి పనిచేసే నటి నెత్తిన పడింది. బలవంతుడిని అడగాల్సిన ప్రశ్నను బలహీనుడిని అడగడం ఏ జమానాలోనైనా తేలికే.

షుగర్ హిల్ కేసు

సినిమా అభిమానులకు కూడా అంతగా తెలియని అధ్యాయం ఇది. నిజానికి ఆమె జీవితంలో అన్నిటికన్నా పెద్ద గెలుపు ఇదే.

వచ్చిన డబ్బుతో 1940లలో హ్యాటీ లాస్ ఏంజెలిస్‌లోని వెస్ట్ ఆడమ్స్ హైట్స్ అనే పేటలో ఒక పెద్ద ఇల్లు కొనుక్కుంది. ఆ పేటకే షుగర్ హిల్ అని మరో పేరు. నటీమణులు ఎథెల్ వాటర్స్, లూయిస్ బీవర్స్, మరికొందరు నల్లజాతి వ్యాపారులు కూడా అక్కడ ఇళ్లు కొన్నారు.

ఆ ఇళ్ల దస్తావేజుల్లో ఒక షరతు ఉండేది. ఈ ఆస్తిని తెల్లవారికి తప్ప ఇంకెవరికీ అమ్మకూడదు, తెల్లవారు తప్ప ఎవరూ ఇందులో కాపురం ఉండకూడదు అని. ఇలాంటి షరతులు అప్పట్లో అమెరికా నగరాల్లో విపరీతంగా ఉండేవి. దీని వెనక ఒక తెలివి ఉంది. పేటలను జాతివారీగా విడదీస్తూ మున్సిపాలిటీలు చట్టాలు చేయకూడదని 1917లో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో ప్రభుత్వం చేయలేని పనిని ఇళ్ల యజమానులు తమలో తాము ఒప్పందాలు రాసుకుని చేయడం మొదలుపెట్టారు. ఎవరైనా ఆ షరతు దాటితే ఇరుగుపొరుగు కోర్టుకెక్కేవారు. కోర్టు ఆ కుటుంబాన్ని ఖాళీ చేయించేది.

షుగర్ హిల్‌లోనూ అదే జరిగింది. కొందరు తెల్లజాతి ఇంటి యజమానులు, నల్లవారిని ఖాళీ చేయించాలంటూ కేసు వేశారు. మిగతావారితో పాటు హ్యాటీ పేరు కూడా అందులో ఉంది. ఆమె ఇల్లు వదిలి పోలేదు. పొరుగున ఉన్న తనవారందరినీ కూడగట్టింది. తన ఇంట్లోనే సమావేశాలు పెట్టింది. వారి తరఫున లోరెన్ మిల్లర్ అనే నల్లజాతి న్యాయవాది వాదించాడు.

1945 డిసెంబర్‌లో కేసు విచారణకు వచ్చింది. జడ్జి థర్మండ్ క్లార్క్ ముందు ఆ పేటను తన కళ్లతో చూసి రావాలనుకున్నాడు. వెళ్లి చూశాడు. తిరిగొచ్చి కేసు కొట్టేశాడు. అమెరికా రాజ్యాంగంలోని 14వ సవరణ పౌరులందరికీ సమాన రక్షణ ఇస్తుందని, నల్లవారికి ఆ హక్కులను ఏ మినహాయింపూ లేకుండా పూర్తిగా ఇవ్వాల్సిన సమయం వచ్చిందని అన్నాడు.

అది ఒక్క పేటకు సంబంధించిన తీర్పే. కానీ దారి పడింది. మూడేళ్లకు, 1948లో 'షెల్లీ వర్సెస్ క్రేమర్' కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఇలాంటి షరతులను ఏ కోర్టూ అమలు చేయకూడదని దేశమంతటికీ చెప్పింది. ఆ పోరాటంలో థర్గుడ్ మార్షల్‌తో కలిసి పనిచేసిన లాయర్లలో అదే లోరెన్ మిల్లర్ ఉన్నాడు. ఇళ్ల అమ్మకంలో, అద్దెలో జాతి, మతం చూసి వివక్ష చూపడాన్ని నిషేధిస్తూ చట్టం రావడానికి మాత్రం 1968 దాకా ఆగాల్సి వచ్చింది.

తెర మీద ఎవరింటి వంటగదిలోనో నిలబడ్డ మనిషి, కోర్టులో తన ఇంటి గుమ్మం దగ్గర నిలబడింది. సినిమాలో వేషం ఒప్పుకున్నంత మాత్రాన హక్కులు వదులుకున్నట్టు కాదని చేసి చూపించింది. పేరు అడిగి, ముఖం చూసి, ఇల్లు ఖాళీ లేదని చెప్పడం ఎలా ఉంటుందో తెలిసినవారికి ఈ గెలుపు విలువ బాగా తెలుస్తుంది.

రేడియోలో సొంత షో, చివరి రోజులు

1947లో హ్యాటీకి 'బ్యూలా' రేడియో కార్యక్రమం దొరికింది. పాత్ర మళ్లీ పనిమనిషిదే. కానీ ఈసారి కథకు కేంద్రం ఆమె. అంతకుముందు ఈ నల్లజాతి స్త్రీ పాత్రకు తెల్లజాతి మగవాళ్లు గొంతు మార్చి మాట్లాడేవారు! హ్యాటీ వచ్చాక ఆ వెక్కిరింపు యాస వద్దని ఒప్పందంలోనే పట్టుబట్టింది. అమెరికా జాతీయ రేడియోలో సొంత హాస్య కార్యక్రమానికి కథానాయికైన తొలి నల్లజాతి స్త్రీ ఆమె. అదే కార్యక్రమం టీవీకి వెళ్లినప్పుడు కొన్ని భాగాల్లో నటించింది. అంతలోనే రొమ్ము క్యాన్సర్ బయటపడింది.

నాలుగుసార్లు పెళ్లి చేసుకున్నా సంసారం నిలవలేదు. మొదటి భర్త పెళ్లయిన కొన్నేళ్లకే చనిపోయాడు. పిల్లలు లేరు. 1952 అక్టోబర్ 26న సినిమా కార్మికుల కోసం నడిచే ఆశ్రమ ఆసుపత్రిలో 59 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

తన ఖనన స్థలం గురించి వీలునామాలో రాసింది. తోటి సినిమావాళ్లు ఉన్న హాలీవుడ్ శ్మశానవాటికలో తనను పూడ్చమని కోరింది. నల్లవారికి అక్కడ చోటు లేదని యాజమాన్యం తిప్పి పంపింది. ఆరడుగుల నేల దగ్గర కూడా రంగు అడ్డొచ్చింది. చివరికి ఆమెను రోజ్‌డేల్ శ్మశానవాటికలో ఖననం చేశారు. 1999లో హాలీవుడ్ శ్మశానవాటిక కొత్త యజమాని, ఆమెను అక్కడికి తెచ్చుకుంటామని ముందుకొచ్చాడు. సమాధిని కదిలించడం కుటుంబానికి ఇష్టం లేకపోయింది. దాంతో ఆమె పేరిట అక్కడ ఒక స్మారక శిల నిలబెట్టారు. 2006లో అమెరికా తపాలా శాఖ ఆమె బొమ్మతో స్టాంపు వేసింది.

ఆమె తర్వాత

ఆస్కార్‌లో నటనకు మరో నల్లజాతి స్త్రీ పేరు వినడానికి 51 ఏళ్లు పట్టింది. 1991లో హూపీ గోల్డ్‌బర్గ్ సహాయ నటి అవార్డు గెలిచింది. 2010లో అదే అవార్డు గెలిచిన మోనీక్, హ్యాటీ ఆనాడు పెట్టుకున్నట్టే జుట్టులో గార్డీనియా పూలు పెట్టుకుని వచ్చి, వేదిక మీద ఆమె పేరు చెప్పి కృతజ్ఞతలు తెలిపింది. 2017లో నల్లజాతి అమెరికన్ మహర్షలా అలీ సహాయ నటుడిగా గెలిచినప్పుడు, ఆస్కార్ అందుకున్న తొలి ముస్లిం నటుడని ప్రపంచ పత్రికలు రాశాయి. పనిమనిషి వేషం ఒక్కటే దొరికిన రోజుల నుంచి అక్కడిదాకా వచ్చిన దారిలో మొదటి అడుగు హ్యాటీది.

అరబ్బుకు అరబ్బేతరుడిపై గానీ, తెల్లవాడికి నల్లవాడిపై గానీ ఏ ఆధిక్యమూ లేదని, దైవభీతి ఒక్కటే కొలమానమని ప్రవక్త ముహమ్మద్ (స) తన అంతిమ హజ్ ప్రసంగంలో చెప్పారు. ఆ మాట వింటూ పెరిగిన మన పిల్లలకు, ఆ మాట అమలు కాని చోట ఒక మనిషి ఎలా బతకాల్సి వచ్చిందో చెప్పడానికి హ్యాటీ కథ పనికొస్తుంది. చెప్పేటప్పుడు రెండు వైపులా చెప్పండి. వాల్టర్ వైట్ అడిగిన ప్రశ్న కూడా చెప్పండి, హ్యాటీ మజ్బూరీ కూడా చెప్పండి. ఇరుకైన పని చేసి పిల్లలను పైకి తెచ్చిన అమ్మలు, నానీలు, దాదీలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్లు చేసిన పని పేరు చూసి కాదు, ఆ సంపాదనతో ఎవరి కోసం ఏ తలుపు తెరిచారో చూసి వాళ్లను గుర్తుపెట్టుకోవాలి.